గ్యాస్ అయిపోయిందట!

మే నెల సాయంత్రాల్లో చెన్నై వాతావరణ కేంద్రం విడుదల చేసే ఉష్ణోగ్రతల పట్టికలో తిరుత్తణి పేరు పైవరసల్లో కనబడటం తమిళనాట ఎవరికీ వింత కాదు. వేలూరుతో పోటాపోటీగా నడిచే వ్యవహారం అది. చెన్నైవాళ్లకు మధ్యాహ్నం దాటగానే సముద్రపు గాలి అందుతుంది. తీరానికి డెబ్బై ఎనభై కిలోమీటర్ల లోపలున్న తిరుత్తణికి ఆ గాలి ఆలస్యంగా వస్తుంది. వచ్చేసరికి దాని సత్తువ సగం పోయుంటుంది. కొన్ని రోజులు అసలు రానే రాదు. పంచాంగం కర్తరి అనీ, తమిళులు అగ్నినక్షత్రం అనీ పిలిచే ఆ రోజుల్లో సూర్యుడు ముఖ్యంగా ఉండేది కృత్తికలో. ఆ కృత్తికలు పెంచిన కుమారస్వామి కొండ చుట్టూనే ఎండ అంతగా కాయడం కాకతాళీయమే అయినా చమత్కారంగా ఉంటుంది.

శూరపద్ముడితో యుద్ధం ముగిశాక స్వామి కోపం చల్లార్చుకున్నది ఈ కొండ మీదేనని స్థలపురాణం. అందుకే స్కందషష్ఠికి మిగతా మురుగన్ ఆలయాల్లో అట్టహాసంగా జరిగే సూరసంహారం ఇక్కడ జరపరు, పూలతో అర్చన చేసి ఊరుకుంటారు. 365 మెట్లెక్కి వచ్చే భక్తుడికి పైన కాస్త గాలి తగులుతుంది. మెట్లు మాని ఘాట్ రోడ్డులో కారెక్కి వచ్చేవాడికి మాత్రం ఆ చల్లదనం దొరకాలంటే బానెట్ కింద కంప్రెసర్ తిరగాలి.

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. చెన్నై నుంచి తిరుపతి పోయే జాతీయ రహదారి ఇదే. పాండూరు, కనకమ్మసత్రం దాటి, తిరుత్తణి మీదుగా పొన్పాడి చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టి నగరి చేరుతుంది. వెంకన్న దర్శనానికి పోయే కార్లు, పెళ్లిళ్లకు పోయే వ్యాన్లు, కంకర మోసే లారీలు అన్నీ ఇందులోనే. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోని తాలూకా. మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సులతో హద్దు జరిగి ఊరు మద్రాసు రాష్ట్రంలోకి పోయింది గానీ, మాట అలాగే ఉండిపోయింది. రోడ్డు పక్క మెకానిక్ షెడ్డులో సగం సంభాషణ తమిళం, సగం చిత్తూరు తెలుగు.

“అన్నా, ఏసీ వేస్తే గాలి వస్తా ఉండాది గానీ చల్లదనం రాలేదన్నా.”

“గ్యాస్ అయిపోయుంటాది సార్. పట్టేద్దామా?”

రెండు మాటల్లో రోగనిర్ణయమూ అయిపోయింది, మందూ ఖరారైంది. బేరం ఒక్కటే మిగిలింది. ఎండాకాలం ఇలాంటి షెడ్ల ముందు ఈ సంభాషణ ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కలేదు. అడిగేవాడికీ తొందరే, చెప్పేవాడికీ తొందరే. కారులో వెనక సీట్లో పిల్లలు, ముందు సీట్లో చెమటలు కారుతున్న పెద్దావిడ, డిక్కీలో తిరుపతి సామాను. ఎవరికుంటుంది ఓపిక?

అయితే గ్యాస్ అయిపోవడమనేది పెట్రోలు లెక్క. పెట్రోలు మండుతుంది, ఖర్చవుతుంది. ఏసీలోని గ్యాస్ మండదు, అరగదు. నాలుగు పక్కలా మూసిన గొట్టాల్లో ద్రవంగా మారుతూ, మళ్లీ ఆవిరవుతూ, తిరిగిన దారినే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో ఒకచోట బయటికి పోయిందనే అర్థం. రబ్బరు గొట్టాల గోడల్లోంచి, కంప్రెసర్ షాఫ్టు సీలు దగ్గర్నుంచి ఏళ్ల తరబడి పిసరంత పిసరంత పోవడం మామూలే. ఆరేడేళ్ల కారులో కొంచెం తగ్గిందంటే పోనీలే అనుకోవచ్చు. పోయిన వేసవిలో పట్టించిన గ్యాస్ ఈ వేసవికి లేదంటే మాత్రం అది చిల్లు. చిల్లును వెతక్కుండా నింపించుకున్నవాడు వచ్చే ఏడాది కూడా అదే షెడ్డు ముందు అదే బెంచీ మీద కూర్చుంటాడు.

అసలు ఏసీ చేసే పనేమిటో తెలిస్తే ఈ తొందర కొంత తగ్గుతుంది. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది, అంతే. కొత్త కుండ చెమర్చి నీళ్లు చల్లబడటంలో ఉన్న కిటుకే ఇందులోనూ ఉంది: ద్రవం ఆవిరి కావాలంటే దానికి వేడి కావాలి, పక్కనున్న దాన్నుంచి లాక్కుంటుంది. మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఎ అనే గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. డ్యాష్‌బోర్డు వెనక దాక్కున్న కూలింగ్ కాయిల్‌లో దాని ఒత్తిడిని ముప్పై పీఎస్ఐ దగ్గర ఉంచితే సున్నా డిగ్రీల చుట్టుపక్కల మరుగుతూ, కాయిల్ మీదుగా పోయే గాలిలోని వేడిని తాగేస్తుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చి, నొక్కి, ముందు గ్రిల్ వెనకున్న కండెన్సర్‌లోకి తోస్తుంది. అక్కడ వేడిని బయటి గాలికి వదిలి, మళ్లీ ద్రవమై, డ్రయ్యర్ గుండా, ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రం గుండా లోపలికి వస్తుంది.

తిరుత్తణి ఎండకు ఇక్కడే పని పడుతుంది. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకే పోతుంది. బయట 43 డిగ్రీలుంటే కండెన్సర్ అంతకంటే బాగా వేడిగా ఉంటేనే తన వేడిని ఆ గాలికి అంటగట్టగలదు. అంటే అరవై డిగ్రీల దాకా పోవాలి. ఆర్-134ఎ అరవై డిగ్రీల దగ్గర ద్రవం కావాలంటే 230 పీఎస్ఐ దాకా ఒత్తిడి ఉండాలి. కొడైకెనాల్‌లో షికారుగా పనిచేసే కంప్రెసర్ ఇక్కడ చెమటోడ్చాల్సిందే. అందుకని తిరుత్తణిలో మధ్యాహ్నం రెండింటికి ఏసీ ఊటీలో లాగా గడగడ వణికించలేదంటే అది జబ్బు కాకపోవచ్చు.

ఎండలో నిలబెట్టిన కారు సంగతి వేరే చెప్పాలి. అమెరికాలోని ఆరిజోనాలో, ఇంచుమించు మన వేసవిలాంటి ఎండల్లో చేసిన ఒక పరిశోధన 2018లో అచ్చయింది. ఎండలో గంటసేపు ఉంచిన కార్ల లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. స్టీరింగ్ 53. కొండ కింద పార్కింగ్‌లో కారు వదిలి, దర్శనం క్యూలో నిలబడి వచ్చిన కుటుంబం తలుపు తీసి ఏసీ వేసి, ఐదు నిమిషాల్లో చల్లబడలేదని మెకానిక్‌ను తిట్టుకుంటుంది. కాలిన డ్యాష్‌బోర్డు, సీట్లు, పైకప్పు తమ వేడినంతా లోపలికి కక్కుతూనే ఉంటాయి మరి. ముందు నాలుగు అద్దాలూ దించి ఒక ఫర్లాంగు నడిపితే సగం వేడి ఖర్చు లేకుండా పోతుంది. ఆ తర్వాత అద్దాలెత్తి, బయటి గాలి రాకుండా లోపలి గాలినే తిప్పే మీట నొక్కాలి. చాలా కార్లలో ఆ మీట నొక్కకపోవడమే అసలు జబ్బు: 43 డిగ్రీల గాలిని కొత్తగా లాగి చల్లబరచమని ఏసీని వేధించడం.

మొట్టమొదట అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ 1940 మోడల్ కార్లలో ఏసీ పెట్టినప్పుడు దాన్ని ఆపడానికి మీట కూడా ఉండేది కాదు. చలేస్తే కారాపి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసర్ బెల్టు చేత్తో ఊడదీయాలి. కూలింగ్ కాయిల్ వెనక డిక్కీలో సామాను జాగా తినేసేది. రెండేళ్లకే కంపెనీ ఆ ముచ్చట మానుకుంది. తిరువళ్లూరు వైపు కారు ఏసీలు మామూలు వస్తువులు కావడానికి 1998 ఒక గుర్తు. ఆ ఏడాది తిరువళ్లూరు దగ్గరి హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో మిత్సుబిషి లాన్సర్లు, కాస్త దక్షిణాన ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ శాంట్రోలు బయటికొచ్చాయి. ముందు తలుపు మూలనున్న చిన్న త్రికోణపు అద్దం తిప్పుకుని గాలి మొహానికి తగిలేలా సర్దుకునే అంబాసిడర్ కాలం ఆ తర్వాత మెల్లగా వెనక్కి పోయింది. అద్దాలు దించుకుని పోవడం తెలిసిన తరానికి ఏసీ పాడైతే ప్రయాణం కాస్త కష్టమయ్యేది. ఇప్పటి తరానికి ప్రయాణమే ఆగిపోతుంది.

తెలిసిన మెకానిక్ బండి ముందుకొచ్చి వెంటనే గ్యాస్ సిలిండర్ వైపు చూడడు. లోపల కూర్చుని బ్లోయరు నాలుగో నంబరుకు తిప్పి చెయ్యి పెడతాడు. గాలే బలంగా రావడం లేదంటే గొడవ గ్యాస్‌ది కాదు. గ్లవ్‌బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ తీస్తాడు. తిరువళ్లూరు జిల్లా క్వారీల దుమ్ము, ఎండుటాకులు, ఎప్పుడో చచ్చిన పురుగులు పొరలు పొరలుగా పట్టి అది అట్ట ముక్కలాగా గట్టిపడి ఉంటుంది. కొన్ని వందల రూపాయల ఫిల్టర్ మారిస్తే తీరే జబ్బుకు గ్యాస్ పట్టించుకుని పోయిన కార్లు ఎన్నో. బ్లోయరు నాలుగో నంబరులోనే తిరిగి, ఒకటీ రెండూ మూడింట్లో నిద్రపోతే రెసిస్టర్ కాలిపోయింది.

గాలి బాగుంది, వెచ్చగా ఉంది. అప్పుడు చెవి పెట్టాలి. ఏసీ మీట నొక్కగానే బానెట్ కింద టక్కుమని ఒక చప్పుడు రావాలి. కంప్రెసర్ క్లచ్ పట్టిన చప్పుడది. రాకపోతే ఫ్యూజు, రిలే, తీగలు, ప్రెషర్ స్విచ్ వరసగా చూడాలి. పక్కనున్న అదే రకం రిలేను పీకి ఇక్కడ పెట్టి చూడటం షెడ్డు విద్యల్లో అతి చవకైంది, అతి ఉపయోగమైంది. గ్యాస్ బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్చే క్లచ్‌ను పట్టనివ్వదు, ఎందుకంటే కంప్రెసర్‌కు నూనెను మోసుకొచ్చేది కూడా ఆ గ్యాసే. గ్యాస్ లేకుండా తిరిగితే కంప్రెసర్ ఎండి బిగుసుకుపోతుంది. ఆ స్విచ్‌ను తీగతో కలిపేసి కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పే తెలివైనవాళ్లూ ఉన్నారు. వాళ్ల తెలివికి ఖరీదు ఒక కొత్త కంప్రెసర్.

క్లచ్ పడుతోంది, అయినా చల్లదనం నిలకడగా లేదు. కారు రోడ్డు మీద పరుగెడుతుంటే చల్లగా ఉండి, పొన్పాడి దగ్గర వరసలో ఆగగానే వెచ్చబడుతుందా? కండెన్సర్ ఫ్యాను తిరగడం లేదు, లేదా సగం వేగంతో తిరుగుతోంది. పరుగులో ఎదురుగాలి చేసే పనిని నిలబడ్డప్పుడు ఫ్యాను చేయాలి. ఈ జబ్బు బయటపడేది సరిగ్గా తిరుత్తణి ఘాట్ రోడ్డు మీద: సెలవురోజున కొండెక్కే కార్ల వరస మొదటి గేరులో పాకుతుంటుంది, ఎదురుగాలి ఉండదు, ఇంజనుకు భారం. ఇంజను మరీ వేడెక్కితే దాని కంప్యూటరే ఏసీని ఆపేసి తన ప్రాణం కాపాడుకుంటుంది. చెన్నై నుంచి కనకమ్మసత్రం దాకా మంచులా వచ్చిన గాలి కొండ మలుపులో వేడెక్కిందంటే గ్యాస్ ఒక్కసారిగా మాయమైపోయిందని అనుకోవడం అమాయకత్వం.

కండెన్సర్ రేకుల మధ్య మట్టి, ఈగలు, రంపపు పొట్టులాంటి క్వారీ దుమ్ము. మెల్లగా నీళ్ల ధారతో కడిగితే ఒక్కోసారి అదే వైద్యం. ప్రెషర్ వాషర్‌ను మరీ దగ్గరగా పెట్టి కొడితే మెత్తటి అల్యూమినియం రేకులు వంగి గాలి దారే మూసుకుపోతుంది. ఇంకోరకం జబ్బు: మొదట బ్రహ్మాండంగా చల్లగా ఉండి, అరగంటకు గాలి తగ్గిపోయి, ఏసీ ఆపి కాసేపయ్యాక మళ్లీ వస్తుంది. కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టి గాలి దారి మూసేసింది. ఆ మంచును ముందే పసిగట్టి కంప్రెసర్‌ను ఆపాల్సిన చిన్న సెన్సర్ పని మానేసిందన్నమాట. కాళ్ల దగ్గర మ్యాట్ తడిసి ముద్దయితే, కాయిల్ మీద చేరిన నీరు కిందికి పోయే గొట్టం మూసుకుపోయింది.

ఆ నీళ్ల గురించి ఒక మాట. ఆగి ఉన్న కారు కింద చుక్కలు కారుతుంటే లీకేజీ అని కంగారుపడేవాళ్లున్నారు. అది గాలిలోని తేమ. చెన్నై దాటి తిరువళ్లూరు దాకా గాలి తడితడిగా ఉంటుంది కాబట్టి చుక్కలు ఎక్కువ. తిరుత్తణి వైపు మధ్యాహ్నం గాలి పొడిబారేకొద్దీ తగ్గుతాయి. ఒక లీటరు నీటిని గాలిలోంచి పిండటానికి ఏసీ దాదాపు 2,450 కిలోజౌళ్ల వేడిని మోయాలి. అందుకే తీరప్రాంతపు 36 డిగ్రీలు ఏసీకి ఒక్కోసారి లోపలి ఊళ్ల 41 డిగ్రీలంత బరువు.

ఇన్ని చూశాక, అప్పుడు గేజులు. నీలం గేజు తక్కువ ఒత్తిడి వైపు, ఎర్రది ఎక్కువ ఒత్తిడి వైపు. రెండు ముళ్లూ తక్కువ చూపిస్తే గ్యాస్ తగ్గింది. రెండూ ఎక్కువ చూపిస్తే గ్యాస్ మితిమీరింది, లేదా కండెన్సర్ వేడిని వదలలేకపోతోంది, లేదా గొట్టాల్లో గాలి చేరింది. నీలం ఎక్కువగా, ఎరుపు తక్కువగా ఉండి రెండూ దగ్గరపడితే కంప్రెసర్ వయసైపోయింది. నీలం ముల్లు సున్నా కిందికి జారితే ఎక్స్‌పాన్షన్ వాల్వు మూసుకుపోయింది. లోపల తేమ ఉంటే అది ఆ సన్న రంధ్రం దగ్గర గడ్డకట్టి మూసేస్తుంది, కాసేపు ఆపితే కరిగి మళ్లీ నడుస్తుంది. గేజులు లేని చోట చెయ్యే గేజు: లావు గొట్టం చల్లగా చెమర్చాలి, సన్న గొట్టం వెచ్చగా ఉండాలి.

గేజుతో ఒక మోసం కూడా ఉంది. ఇంజను ఆపేసి ఉన్నప్పుడు గేజు పెడితే రెండు ముళ్లూ ఒకేచోట నిలుస్తాయి, 35 డిగ్రీల దగ్గర సుమారు 115 పీఎస్ఐ. లోపల గ్యాస్ నిండుగా ఉన్నా, సగమే ఉన్నా ముల్లు అక్కడే ఉంటుంది. కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకు ఆ ఒత్తిడిని నిర్ణయించేది ఎండే, పరిమాణం కాదు. కాబట్టి ముల్లు చూసి “ఇంకొంచెం పడదాం సార్” అనేది అంచనా వ్యవహారం. కంపెనీ బానెట్ కింద అంటించిన చీటీలో గ్యాస్ బరువు గ్రాముల్లో రాసి ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా నాలుగైదు వందల గ్రాములు. పాతదంతా యంత్రంతో వెనక్కి లాగి, అరగంటకు తగ్గకుండా వాక్యూమ్ పెట్టి, తేమనంతా ఆవిరిచేసి తీసేసి, తూకం వేసి కొత్తది ఎక్కించాలి. ఎక్కువైతే కండెన్సర్ ద్రవంతో నిండిపోయి, వేడి వదిలే జాగా కరువై, చల్లదనం ఇంకా తగ్గుతుంది. తక్కువైనందుకూ ఎక్కువైనందుకూ శిక్ష ఒకటే.

ఆ వాక్యూమ్ నిలబడుతుందా లేదా అన్నదే చిల్లు గురించిన తొలి సాక్ష్యం. పంపు ఆపాక ముల్లు మెల్లగా పైకి జారితే ఎక్కడో గాలి దూరుతోంది. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురుగు రాస్తే బుడగ లేచిన చోటే దొంగ. మరీ సన్నటి చిల్లయితే గ్యాస్‌లో రంగు కలిపి, కొన్నాళ్లయ్యాక అల్ట్రావయొలెట్ దీపం వేసి చూస్తారు. గొట్టం అతుకు దగ్గర నూనె మరక మీద దుమ్ము పట్టి ఉంటే ఏ పరికరమూ అక్కర్లేదు. గ్యాస్ పోయేచోట నూనె కూడా చెమరుస్తుంది. ఇదంతా సగం రోజు పని. గ్యాస్ పట్టడం అరగంట పని. మెకానిక్‌కు చిల్లు వెతకడం రాదని కాదు. వెతికినందుకు డబ్బివ్వడానికి కారాయనకు మనసొప్పదు. సిలిండర్ లోంచి ఏదో తన కారులోకి పోయిందంటే ఇస్తాడు, సబ్బు నురుగు రాసి నాలుగు గంటలు చూస్తూ కూర్చున్నానంటే పెదవి విరుస్తాడు. చూసిన పనికి కూలి లేదు, పోసిన సరుకుకే ఉంది.

తిరువళ్లూరు పక్కనే, పూండి జలాశయం దగ్గర ఇదే తర్కం నీళ్ల రూపంలో కనబడుతుంది. ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్న 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. చెన్నై దాహానికి 15 టీఎంసీల కృష్ణా నీరు, అందులో 3 టీఎంసీలు దారిలో ఇంకి, ఆవిరై పోతాయని ముందే లెక్కగట్టి, సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు అప్పజెప్పాలని నిర్ణయం. కండలేరు నుంచి కాలువ గుండా 1996లో నీళ్లు పూండికి చేరాయి. కాలువ గట్లు కొట్టుకుపోయి, నీరు ఇంకిపోయి, లెక్కలో ఉన్నదానికీ చేరినదానికీ పొంతన లేకపోయింది. ఎగువన ఎంత వదిలితే ఏం లాభం? 2002లో సత్యసాయి ట్రస్టు ముందుకొచ్చి కాలువ గట్లు బాగుచేయించి, దెబ్బతిన్న భాగానికి కొత్తగా లైనింగ్ వేయించింది. 2004 నాటికి ఆ పని పూర్తయ్యాక పూండికి చేరే నీరు పెరిగింది. నీళ్ల విషయంలో రెండు రాష్ట్రాలకు తెలిసొచ్చిన సంగతి నాలుగు వందల గ్రాముల గ్యాస్ దగ్గర మాత్రం ఇంకా తెలిసిరాలేదు.

పైగా కాలువలోంచి ఇంకిన నీరు భూమికైనా దక్కుతుంది. ఇంకిపోయిన గ్యాస్ ఆకాశానికి పోతుంది. మొదట్లో కార్లలో వాడిన ఆర్-12 ఓజోన్ పొరకు చేటని 1974లో మొలీనా, రోలాండ్ చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. ఆ శాస్త్రజ్ఞులిద్దరికీ, వాళ్లతోపాటు క్రుట్జెన్‌కూ 1995లో నోబెల్ దక్కింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు ఘనాపాటి. ఒక చిన్న కారులోని 450 గ్రాములు గాలిలో కలిస్తే 640 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. దాదాపు 280 లీటర్ల పెట్రోలు కాల్చిన పొగ. చిల్లు పూడ్చకుండా ఏటా గ్యాస్ పట్టించుకునేవాడు తిరుత్తణి నుంచి కదలకుండానే ఏటా అంత పెట్రోలు తగలేస్తున్నాడు. కిగాలీ సవరణకు భారత్ 2021లో ఒప్పుకుంది కాబట్టి ఈ రకం గ్యాసుల వాడకం 2032 నుంచి అంచెలంచెలుగా తగ్గాలి.

చవక గ్యాస్ కథ ఇంకా ప్రమాదం. 2011లో వియత్నాంలోనూ బ్రెజిల్‌లోనూ ఓడరేవుల దగ్గర శీతల కంటెయినర్లు పేలి ముగ్గురు చనిపోయారు. ఆర్-134ఎ పేరుతో అమ్మిన నకిలీ సరుకులో మిథైల్ క్లోరైడ్ కలిసి ఉందని, అది అల్యూమినియంతో కలిసి గాలి తగిలితే మండే పదార్థమైందని తేలింది. కారు ఏసీలో వంటగ్యాస్ ఎక్కించే వీరులు కూడా అక్కడక్కడా ఉన్నారు. చల్లగానే ఉంటుంది, డ్యాష్‌బోర్డు వెనక చిల్లు పడి సిగరెట్టు వెలిగించేదాకా. విద్యుత్ కార్లలో ఇంకో జాగ్రత్త: కంప్రెసర్ నేరుగా ఎక్కువ వోల్టేజీ కరెంటుతో తిరుగుతుంది, దాని నూనె వేరు. పాత కార్ల నూనె కాస్త కలిసినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది. నారింజ రంగు తీగలున్న బండి మీద పాత షెడ్డు విద్యలు పనికిరావు.

ఏసీ చల్లగా రాకపోవడానికి యంత్రంలో లేని కారణం ఒకటుంది. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో యాప్ క్యాబుల డ్రైవర్లు ‘నో ఏసీ’ అంటూ ఉద్యమం చేశారు. గ్యాస్ నిండుగా ఉంది, క్లచ్ టక్కుమంటోంది, ఫ్యాను తిరుగుతోంది. మీట మాత్రం నొక్కరు. కంపెనీలు కిలోమీటరుకు ఇచ్చే డబ్బు ఏసీ వేస్తే అయ్యే ఖర్చుకు చాలడం లేదన్నది వాళ్ల వాదన. ప్రయాణికులు యాప్‌లో చూసి ఏసీ కారే ఎక్కామన్నారు, డ్రైవర్లు అదనంగా ఇస్తే వేస్తామన్నారు. కంప్రెసర్ తిరగడానికి ఇంజను నుంచి లాగే శక్తి ఇంధనమే కాబట్టి వేడిని బయట పారబోయడానికి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. ఆ ఎవరో ఎవరన్నదే తగవు.

తిరువళ్లూరు దారిలో ఈ తగవు ఇంకో రూపంలో వస్తోంది. 2025 నుంచి కొత్తగా తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అని కేంద్ర రవాణా శాఖ 2023 డిసెంబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఇన్నేళ్లు ఇంజను వేడీ ఎండ వేడీ కలిసి కాలుస్తుంటే, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని నడిపిన డ్రైవరుకు ఇది న్యాయంగా దక్కాల్సిన సుఖం. అయితే క్వారీలో లోడింగ్ కోసం గంటల తరబడి నిలబడే లారీకి ఎదురుగాలి ఉండదు, కండెన్సర్ మీద కంకర దుమ్ము వారానికోసారి కాదు, పూటకోసారి పేరుకుంటుంది. నిలబడ్డ బండిలో ఏసీ కోసం ఇంజను తిప్పితే డీజిలు మీటరు పడిపోతుంటుంది. ఆ డీజిలు బాడుగలో కలుస్తుందా, యజమాని భరిస్తాడా, డ్రైవరు బేటాలోంచి కోస్తారా? కంకర కొనే చెన్నై బిల్డరు దాకా ఈ ప్రశ్న పోకుండా మధ్యలోనే డ్రైవరు చేతే మీట ఆపించేస్తే, ఎంత మంచి మెకానిక్ గేజులు పెట్టి చూసినా ఆ క్యాబిన్‌లో తప్పు దొరకదు.